స్కూబా డైవింగ్ నేర్చుకోవాలంటే: ఎక్కడ, ఎవరి దగ్గర, ఎలా?

స్కూబా నేర్చుకోవాలన్న ఆలోచన రాగానే చాలామంది మొదట అందమైన సముద్రం కోసం వెతుకుతారు. తర్వాత ఫీజులు పోల్చి చూస్తారు. ఆ తర్వాత ఏ సంస్థ సర్టిఫికెట్ మంచిదని అడుగుతారు. ఈ మూడూ చూడాల్సినవే. అయితే కోర్సు అయ్యాక మీరు నీళ్లలో హాయిగా ఉండగలరా, లేక కార్డు చేతికొచ్చినా భయం పోక మళ్లీ ఆ వైపే వెళ్లరా అన్నది ఇంకో రెండు విషయాలను బట్టి ఉంటుంది. మీకు నేర్పే మనిషి ఎవరు? నీళ్లలో ఆ మనిషి మీ ఒక్కరి కోసం ఎంత సమయం కేటాయించగలరు? కింద చెప్పే ప్రతి మెట్టు దగ్గరా ఈ రెండు ప్రశ్నలూ మనసులో పెట్టుకోండి.

1. ముందు రుచి చూడాలా, నేరుగా కోర్సులో చేరాలా?

నీటి కింద ఊపిరి తీసుకోవడం మీకు నచ్చుతుందో లేదో తెలియకపోతే ముందు ఒక ట్రయల్ డైవ్ చేయండి. డిస్కవర్ స్కూబా, ట్రై స్కూబా లాంటి పేర్లతో ఇవి దొరుకుతాయి. సర్టిఫికెట్ రాదు. ఇన్‌స్ట్రక్టర్ మీ పక్కనే ఉంటారు, పరికరాల సంగతి దాదాపు అంతా వాళ్లే చూసుకుంటారు. డైవింగ్ కోర్సులు రూపొందించి సర్టిఫికెట్లు ఇచ్చే ప్యాడీ అనే సంస్థ నిబంధనల ప్రకారం ఇలాంటి డైవ్‌లో 12 మీటర్ల కన్నా లోతుకు తీసుకెళ్లకూడదు.

వీలైతే ఈ మొదటి ప్రయత్నం స్విమ్మింగ్ పూల్‌లో చేయడం మేలు. అలలు, పడవ కుదుపులు, చేపల హడావిడి లేకుండా మీకూ మీ ఊపిరికీ మధ్య ఏం జరుగుతుందో అక్కడే బాగా తెలుస్తుంది. సముద్రంలోనే చేసేటట్లయితే, లోతుకు వెళ్లే ముందు నడుము లోతు నీళ్లలో, కళ్లూ ముక్కూ కప్పే మాస్క్‌లోకి చేరిన నీళ్లు తీయడం, నోట్లోంచి తీసిన రెగ్యులేటర్ (సిలిండర్ గాలిని నోటికి అందించే పరికరం) మళ్లీ పెట్టుకోవడం నేర్పుతారా అని అడగండి. అవేమీ లేకుండా వెనక నుంచి సిలిండర్ పట్టుకుని కాసేపు తిప్పి, ఫొటోలు తీసి పైకి తెచ్చే చోట మీకు నేర్చుకునేదంటూ ఏమీ ఉండదు. ఏదైనా తేడా వస్తే ఏం చేయాలో కూడా మీకు తెలియదు.

ఇష్టం ఖాయమని ముందే తెలిస్తే ట్రయల్ అక్కర్లేదు, నేరుగా ఓపెన్ వాటర్ డైవర్ అనే తొలి పూర్తి స్థాయి కోర్సులో చేరవచ్చు. దీనికి ముందు 'స్కూబా డైవర్' అనే చిన్న కోర్సు కూడా ఒకటుంది. ప్యాడీలో అది పూర్తి చేసినవాళ్లు 12 మీటర్ల వరకే, అదీ డైవ్‌మాస్టర్ లాంటి ప్రొఫెషనల్ తోడుంటేనే దిగాలి. ఓపెన్ వాటర్ పూర్తి చేసిన పెద్దవాళ్లు 18 మీటర్ల వరకు, తమ స్థాయి తోటి డైవర్‌తో కలిసి సొంతంగా దిగవచ్చు. ఈ తేడా లోతు ఒక్కదానితో పోయేది కాదు. గాలి ఎంత మిగిలింది, ఎప్పుడు పైకి రావాలి, పక్కవాడికి ఇబ్బంది వస్తే ఏం చేయాలి అన్న నిర్ణయాలు ఇక మీవే. కోర్సును ఆ బాధ్యతకు తయారీగా చూస్తే, ఏ సెంటర్ మంచిదో తేల్చుకోవడం చాలా సులువవుతుంది.

2. డబ్బు కట్టకముందే ఒంటి సంగతి చూసుకోండి

ప్రతి మంచి సెంటర్ మీకు ఒక మెడికల్ ఫారం ఇస్తుంది. ఆస్తమా, మూర్ఛ, గుండె జబ్బులు, బీపీ, షుగర్, ఊపిరితిత్తులకు గతంలో వచ్చిన సమస్యలు, చెవి, సైనస్ ఆపరేషన్లు, తరచూ వచ్చే పానిక్ అటాక్‌లు, వాడుతున్న మందులు, ఇలా ప్రశ్నలుంటాయి. కొన్నింటికి 'అవును' అని రాస్తే డాక్టర్ పరీక్షించి సంతకం చేశాకే నీళ్లలోకి దింపుతారు. అలా రాసినంత మాత్రాన డైవింగ్ మీకు మూసుకుపోయినట్టు కాదు. చాలామందికి పరీక్ష తర్వాత అనుమతి వస్తుంది. గర్భిణులు మాత్రం ప్రసవం అయ్యేదాకా ఆగాలి.

ఈ ఫారం పడవ ఎక్కే రోజు పొద్దున మొదటిసారి చూస్తే చిక్కొస్తుంది. అప్పటికే డబ్బు కట్టి ఉంటారు, సెలవులు పెట్టి ఉంటారు, దగ్గర్లో డాక్టర్ ఉండరు. ఇన్ని ఒత్తిళ్ల మధ్య అన్నింటికీ 'కాదు' అని టిక్ పెట్టేయాలనిపిస్తుంది. దయచేసి ఆ పని చేయకండి. భూమ్మీద ఇబ్బంది పెట్టని చిన్న ఆస్తమా నీటి కింద ప్రాణాపాయం కావచ్చు. కోర్సు అనుకున్న రోజే ఫారం తెప్పించుకుని చదవండి. డైవింగ్ వైద్యం తెలిసిన డాక్టర్ దొరికితే మరీ మంచిది.

ఈత వచ్చి తీరాలి. గజ ఈతగాళ్లు కానక్కర్లేదు. ప్యాడీ కోర్సులో ఏ సాయమూ లేకుండా 200 మీటర్లు ఈదాలి, లేదా మాస్క్, ఫిన్స్ (కాళ్లకు తొడిగే రెక్కలు), స్నార్కెల్ (ముఖం నీళ్లలో ఉన్నా ఊపిరి తీసుకోనిచ్చే గొట్టం) పెట్టుకుని 300 మీటర్లు. సమయ పరిమితి లేదు. దానితోపాటు 10 నిమిషాలు నీటి మీద తేలుతూ ఉండాలి. ఇది ఇప్పుడు మీవల్ల కాకపోతే ముందు ఈత క్లాసులో చేరండి. ఈత రాకపోయినా ఓపెన్ వాటర్ కార్డు ఇప్పిస్తామనే సెంటర్ ఉంటే అక్కడికి వెళ్లకపోవడానికి ఆ ఒక్క మాటా చాలు. పిల్లలు పదేళ్లు నిండాక జూనియర్ కోర్సులో చేరవచ్చు, వాళ్లకు లోతు పరిమితులు వేరు.

3. సంస్థ పేరు గురించి ఎక్కువ ఆలోచించకండి

ప్యాడీ 1966లో, ఎస్ఎస్ఐ 1970లో అమెరికాలో మొదలయ్యాయి. బ్రిటన్‌లో బీఎస్ఏసీ 1953 నుంచి క్లబ్బుల పద్ధతిలో నడుస్తోంది. 1959లో ఏర్పడిన సీఎంఏఎస్ అంతర్జాతీయ సమాఖ్యకు మొదటి అధ్యక్షుడు ఫ్రెంచ్ సముద్ర అన్వేషకుడు జాక్ కూస్తో. ఎన్ఏయూఐ, ఎస్‌డీఐ, రెయిడ్ లాంటివి ఇంకా ఉన్నాయి. సొంతంగా డైవ్ చేసే తొలి స్థాయికి ఐఎస్ఓ 24801-2 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. పేరున్న సంస్థల తొలి కోర్సులు ఇంచుమించు అదే నేర్పుతాయి, ఒకరి కార్డును ఇంకొకరు గుర్తిస్తారు. ఒకచోట తొలి కోర్సు చేసి ఇంకో సంస్థలో పై కోర్సు చేయడం మామూలే.

సంస్థ పాఠ్యక్రమం ఇస్తుంది. నేర్పేది మాత్రం మనిషి. ఒకే బోర్డు కింద ఓపిక ఉన్న ఇన్‌స్ట్రక్టరూ ఉంటారు, గడియారం చూసుకుంటూ పరుగులు పెట్టించేవాళ్లూ ఉంటారు. సెంటర్ గోడ మీది స్టార్లు కూడా అక్కడ దొరికే కోర్సులు, సేవల స్థాయిని చెబుతాయి గానీ మీ బ్యాచ్‌కి ఎవరు నేర్పుతారో చెప్పవు.

4. ఎక్కడ: మూడు దారులు

మొదటి దారి, మీరుండే చోటికి దగ్గర్లో వారాల తరబడి నిదానంగా నేర్చుకోవడం. థియరీ, పూల్, తర్వాత దగ్గర్లోని చెరువో క్వారీయో సముద్రమో. ఒక పూల్ క్లాసుకీ ఇంకో దానికీ మధ్య రోజుల విరామం ఉంటుంది కాబట్టి ఒళ్లు నేర్చుకున్నది ఇంకుతుంది. కుదరని స్కిల్‌ను మళ్లీ చేయవచ్చు. నీరు చల్లగా, మసకగా ఉండవచ్చు. కానీ అలాంటి నీళ్లలో నేర్చుకున్నవాళ్లకు తర్వాత తేటనీళ్లు చాలా తేలిగ్గా అనిపిస్తాయి.

రెండోది, సెలవుల్లో ఏదో తీరానికి వెళ్లి మూడు నాలుగు రోజుల్లో మొత్తం ముగించడం. థాయ్‌లాండ్‌లో కో టావ్, హోండురాస్‌లో ఉటీలా, ఈజిప్టు ఎర్ర సముద్రం ఒడ్డున దహబ్ ఇలా కొత్తవాళ్లకు నేర్పడానికి పేరుపడ్డ చోట్లు. వెచ్చని నీరు, మంచి విజిబిలిటీ (నీళ్లలో ఎంత దూరం కనిపిస్తుందన్నది), ఒడ్డుకు దగ్గర్లోనే లోతు తక్కువ డైవ్ సైట్లు, పోటీ వల్ల అందుబాటు ధరలు ఉంటాయి. అదే పోటీ వల్ల కొన్ని సెంటర్లు ఒక బ్యాచ్ వెంట ఇంకో బ్యాచ్‌ని తోసుకుంటూ పోతాయి. మీకు చెవి నొప్పో, జలుబో, భయమో వచ్చి ఒకరోజు పోతే తిరిగి సర్దుకోవడానికి రోజులు మిగలవు. అందుకే ఈ దారిలో వెళ్తే కోర్సు రోజులకు పైన కనీసం రెండు రోజులు ఖాళీ ఉంచుకోండి.

మూడోదాన్ని రెఫరల్ అంటారు. థియరీ, పూల్ మీ ఊళ్లో పూర్తి చేసి, ఆ పత్రాలు పట్టుకుని వేరే చోట సముద్రపు డైవ్‌లు మాత్రం చేస్తారు. ప్యాడీలో రెఫరల్ 12 నెలలు చెల్లుతుంది. సెలవులన్నీ క్లాసు గదిలో పోగొట్టుకోనక్కర్లేదు, కష్టమైన భాగం తీరిగ్గా నేర్చుకోవచ్చు. దగ్గర్లో మంచి పూల్ సెంటర్ ఉంటే నా ఓటు దీనికే. ఒక్క జాగ్రత్త: పూల్ క్లాసుకీ సముద్రానికీ మధ్య నెలలు గడిస్తే, దిగే ముందు ఆ స్కిల్స్ ఒకసారి మళ్లీ చేయించమని అడగండి.

ఏ దారైనా సీజన్ తప్పక చూడండి. ఒకే తీరంలో ఒక నెలలో నీరు అద్దంలా ఉంటుంది, ఇంకో నెలలో అలలు పడవ దిగనివ్వవు. థాయ్‌లాండ్ సిమిలాన్ దీవులనైతే ఏటా మే మధ్య నుంచి అక్టోబర్ మధ్య దాకా మూసేస్తారు. మీరు వెళ్లే నెలలో అలలు, ప్రవాహాలు, నీటి ఉష్ణోగ్రత, విజిబిలిటీ ఎలా ఉంటాయో సెంటర్‌ని సూటిగా అడగండి. నేర్చుకునేవాళ్లకు కావాల్సింది ప్రశాంతమైన, లోతు తక్కువ ఉన్న, ప్రవాహం లేని చోటు. సొరచేపలకూ మునిగిన ఓడలకూ పేరుపడ్డ సైట్ గురించి ఇప్పుడే తొందర వద్దు.

5. సెంటర్‌కి ఫోన్ చేసి ఇవి అడగండి

ఈ మెట్టు దగ్గర సిగ్గు, మొహమాటం పక్కన పెట్టండి. మీ ప్రాణం అప్పజెప్పే మనిషిని ప్రశ్నలడగడం మీ హక్కు. మంచి సెంటర్ ఈ ప్రశ్నలకు సంతోషిస్తుంది.

నా ఇన్‌స్ట్రక్టర్ దగ్గర నాతోపాటు ఎంతమంది ఉంటారు? ఇది అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న. ప్యాడీ ఓపెన్ వాటర్ కోర్సులో సముద్రపు డైవ్‌లకు ఒక ఇన్‌స్ట్రక్టర్‌కి గరిష్ఠంగా ఎనిమిది మంది. అర్హత ఉన్న సహాయకులుంటే ఇంకొందరిని చేర్చుకోవచ్చు. ఎనిమిది అన్నది దాటకూడని గీత, అంతమంది ఉండాలని దాని అర్థం కాదు. లెక్క వేసి చూడండి: గుంపులో ఒకరు మాస్క్ తీసి పెట్టుకునే స్కిల్ చేస్తుంటే మిగతావాళ్లు నీటి అడుగున మోకాళ్ల మీద కూర్చుని వణుకుతూ ఎదురుచూస్తారు. నలుగురు దాటని బ్యాచ్ దొరికితే కొంచెం ఎక్కువ కట్టైనా చేరండి. మిగతా ఖర్చుల్లో ఎక్కడ తగ్గించుకున్నా ఫర్వాలేదు, ఇక్కడ వద్దు.

మొదటి రోజు నుంచి చివరి దాకా ఒకే ఇన్‌స్ట్రక్టర్ ఉంటారా? మీకు ఎడమ చెవి ఆలస్యంగా సర్దుకుంటుందనో, మాస్క్ తీయాలంటే కంగారనో గమనించిన మనిషే సముద్రంలోనూ పక్కన ఉండాలి.

నీళ్లలో మొత్తం ఎంతసేపు ఉంటాం? ప్యాడీలో నాలుగు ఓపెన్ వాటర్ డైవ్‌లు, అవి కనీసం రెండు రోజుల మీద జరగాలి. పూల్‌లో ఎన్ని గంటలు అన్నది సెంటర్ బట్టి మారుతుంది. ఇక్కడ అంకెలు రాబట్టండి. "పొద్దున పూల్, మధ్యాహ్నం సముద్రం, రేపటికి కార్డు" అనే పద్ధతి చెబితే ఫోన్ పెట్టేయండి.

ఏదైనా స్కిల్ నాకు అనుకున్న సమయంలో రాకపోతే ఏం చేస్తారు? "ఇంకో క్లాసు పెట్టుకుందాం, అదనపు ఫీజు ఇంత" అంటే నిజాయితీగా చెప్పినట్టు. "ఏం పర్లేదు, మా దగ్గర అందరూ పాసవుతారు" అంటే జాగ్రత్తపడండి.

పడవ మీద ఆక్సిజన్ కిట్ ఉంటుందా, దాన్ని వాడటం వచ్చినవాళ్లుంటారా? అందరూ నీళ్లలో ఉన్నప్పుడు పడవలో ఎవరుంటారు? దగ్గర్లో రీకంప్రెషన్ చాంబర్ (ఒంట్లో గాలి బుడగలు ఏర్పడ్డ డైవర్‌కు పీడనం పెంచి చికిత్స చేసే గది) ఎక్కడ, అక్కడికి చేరడానికి ఎంతసేపు పడుతుంది? వీటికి తడుముకోకుండా జవాబు రావాలి. అత్యవసర పరిస్థితి గురించి ఇంతకుముందు ఆలోచించుకున్నవాళ్లే వెంటనే చెప్పగలరు.

ఫీజులో ఏమేమి కలిశాయి? పుస్తకం లేదా ఆన్‌లైన్ పాఠాలు, సర్టిఫికేషన్ ఫీజు, పరికరాల అద్దె, పడవ, పార్కు రుసుము విడివిడిగా అడగండి. చవకగా కనిపించిన కోర్సు ఇవన్నీ కలిపేసరికి పక్క సెంటర్ కన్నా ఎక్కువ కావచ్చు.

ఏ భాషలో నేర్పుతారు? మీకు బాగా అర్థమయ్యే భాషలో కోర్సు దొరికితే దానికోసం చోటు మార్చుకున్నా తప్పు లేదు. సగం అర్థమైన భద్రతా సూచన అసలు విననట్టే లెక్క.

చివరగా ఇన్‌స్ట్రక్టర్ పేరు, నంబర్ అడిగి, ఆ సంస్థ వెబ్‌సైట్‌లో ప్రస్తుతం బోధించే అర్హత ఉందో లేదో చూసుకోండి. ప్యాడీ లాంటి సంస్థలు ఇందుకు వీలు కల్పించాయి. ఇక రివ్యూలు చదివేటప్పుడు 'సూపర్', 'అద్భుతం' అన్నవి వదిలేసి, భయపడ్డవాళ్లూ కోర్సు మధ్యలో ఆపేసినవాళ్లూ రాసినవి వెతకండి. వాళ్లతో సెంటర్ ఎలా మెలిగిందో చూస్తే మీకు కావాల్సింది తెలుస్తుంది.

6. వీలైతే వెళ్లి ఒక గంట గమనించండి

పరికరాల గదిలోకి ఒకసారి తొంగి చూడండి. వెట్‌సూట్లు (ఒంటి వేడిని కాపాడే బిగుతైన డైవింగ్ దుస్తులు) ఆరేసి, రెగ్యులేటర్లు శుభ్రంగా కడిగి వేలాడదీసి ఉన్నాయా? గొట్టాల మీద పగుళ్లున్నాయా? సిలిండర్లలో గాలి నింపే కంప్రెసర్, ఇంజిన్ పొగ వచ్చే చోట గాలి పీల్చుకుంటోందా? సిలిండర్ గాలికి ఏ వాసనా, ఏ రుచీ ఉండకూడదు. నూనె వాసన వచ్చిందంటే ఆ సిలిండర్‌తో దిగకండి. కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు వాసన ఉండదు గానీ చెడ్డ కంప్రెసర్ నుంచి ఆ రెండూ కలిసి రావచ్చు.

ఇంకా మంచి పని, జరుగుతున్న పూల్ క్లాసును చూడటం. విద్యార్థి ఒకరు దగ్గుతూ పైకి వచ్చినప్పుడు ఇన్‌స్ట్రక్టర్ ముఖం చూడండి. విసుగు కనిపించిందా, నెమ్మదిగా మాట్లాడి మళ్లీ ప్రయత్నించమన్నారా? ఆ అర నిమిషంలో చాలా తెలుస్తుంది. విద్యార్థులు స్కిల్స్ అన్నీ అడుగున మోకాళ్ల మీద కూర్చునే చేస్తున్నారా, లేక నీటి మధ్యలో తేలుతూ చేస్తున్నారా అన్నది కూడా గమనించండి. రెండో పద్ధతిలో నేర్పే చోట మీకు తేలడం మీద అదుపు త్వరగా వస్తుంది.

7. నీళ్లలోకి దిగకముందే చదువు ముగించండి

దిగితేగానీ లోతు తెలియదంటారు. ఇక్కడ మాత్రం లోతు ముందు తెలుసుకునే దిగాలి. పాఠాలు ఆన్‌లైన్‌లో ఇంటి దగ్గరే చదువుకోవచ్చు. ప్యాడీ చివరి పరీక్ష 50 ప్రశ్నలు, 75 శాతం వస్తే పాస్. పరీక్ష కోసం కాకుండా కింద చెప్పే ఒక్క లెక్క ఒంటబట్టేదాకా చదవండి.

సముద్ర మట్టం దగ్గర మన మీద ఒక వాతావరణ పీడనం ఉంటుంది. నీళ్లలో ప్రతి 10 మీటర్లకూ ఇంకొకటి కలుస్తుంది. అంటే 10 మీటర్ల దగ్గర రెండు, 20 దగ్గర మూడు. పీడనం రెట్టింపైతే గాలి పరిమాణం సగమవుతుంది. కాబట్టి 10 మీటర్ల లోతున ఊపిరితిత్తుల నిండా పీల్చిన గాలి, మీరు దాన్ని బిగబట్టి పైకి వస్తే రెండింతలు కావాలని చూస్తుంది. అంత చోటు ఛాతీలో లేదు. ఊపిరితిత్తులు చిట్లి గాలి రక్తంలోకి చేరే ప్రమాదం ఉంది. పూల్ లోతులో కూడా ఇది జరగవచ్చు, ఎందుకంటే పైకొచ్చే కొద్దీ చివరి మీటర్లలోనే వ్యాకోచం ఎక్కువ. స్కూబాలో ఊపిరి ఎప్పుడూ బిగబట్టకూడదనే మొదటి నియమానికి కారణం ఇదే. నెమ్మదిగా పైకి రమ్మనడానికీ, 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగమనడానికీ కారణం వేరు. లోతులో ఒంట్లోకి కరిగిన నైట్రోజన్ బుడగలు కట్టకుండా ఊపిరితో బయటికి పోవడానికి దానికి సమయం ఇవ్వాలి.

20 మీటర్ల లోతున సిలిండర్, మీరు నీటి పైన ఉన్నప్పటికన్నా మూడింతల వేగంగా ఎందుకు ఖాళీ అవుతుందో కూడా ఈ లెక్కతోనే తెలుస్తుంది. కారణం తెలిసినవాళ్లు, సిలిండర్‌లో మిగిలిన గాలిని చూపే గేజ్ చూడటం మర్చిపోరు.

8. చెవులు: కొత్తవాళ్లను ఎక్కువగా ఇబ్బంది పెట్టేది ఇదే

విమానం దిగేటప్పుడు చెవులు మూసుకుపోవడం మీకు తెలిసే ఉంటుంది. నీటి కింద అదే ఒకటి రెండు మీటర్లలోనే మొదలవుతుంది. బయటి నీటి ఒత్తిడి కర్ణభేరిని లోపలికి నెడుతుంది, లోపల అంతే ఒత్తిడితో గాలి నింపాలి. ముక్కు రెండు వేళ్లతో మూసి మెత్తగా ఊదితే గొంతు వెనకాల ఉండే సన్నని గొట్టం తెరుచుకుని గాలి చెవిలోకి చేరుతుంది. కొందరికి ముక్కు మూసి గుటక వేస్తే సరిపోతుంది.

నొప్పి మొదలయ్యేదాకా ఆగడం చాలామంది చేసే పొరపాటు. అప్పటికే గొట్టం అతుక్కుపోయి ఉంటుంది, ఎంత గట్టిగా ఊదినా తెరుచుకోదు, గట్టిగా ఊదితే లోపలి చెవి దెబ్బతింటుంది. తల నీళ్లలో మునిగిన క్షణం నుంచే మొదలుపెట్టి ప్రతి అర మీటరుకూ చేయండి. కాళ్లు కిందికి, తల పైకి పెట్టి దిగితే తేలిక. నొప్పి అనిపిస్తే ఆగి, ఒక మీటరు పైకి వచ్చి మళ్లీ ప్రయత్నించండి. మీకోసం మిగతావాళ్లు ఆగుతున్నారని టెన్షన్ పడకండి. ఇది ఇంటి దగ్గర రోజూ కాసేపు మెత్తగా ప్రాక్టీస్ చేసి వెళ్తే మొదటి డైవ్‌లోనే తేడా తెలుస్తుంది.

జలుబు చేస్తే దిగకండి. ముక్కు తెరిచే మందు వేసుకుని దిగితే, లోతులో ఉండగా దాని ప్రభావం పోయి, పైకి వచ్చేటప్పుడు గాలి బయటికి రాక ఇరుక్కోవచ్చు. పైకి రాక తప్పదు కాబట్టి అది దిగేటప్పటి నొప్పి కన్నా ఎక్కువ ప్రమాదం.

9. పూల్‌లో తొందరపడకండి

అందరూ భయపడేది మాస్క్ తీసి మళ్లీ పెట్టుకునే స్కిల్. ముక్కుకు నీళ్లు తగలగానే ఊపిరి ఆగినట్టనిపించడం సహజం. ముక్కుతో వదిలి, నోటితో మాత్రమే పీల్చడం ఒంటికి అలవాటు కావాలి. స్నార్కెల్ నోట్లో పెట్టుకుని, మాస్క్ లేకుండా ముఖం నీళ్లలో ముంచి కొన్ని నిమిషాలు ఊపిరి తీసుకోవడం దీనికి మంచి సాధన. కోర్సుకు ముందే పూల్‌లో చేయవచ్చు, ఎవరైనా తోడుండాలి.

రెండోది తేలడం మీద అదుపు, డైవర్లు బోయన్సీ అనేది. మునగకుండా, పైకి లేవకుండా ఉన్నచోటే నిలవడం. కొత్తవాళ్లకు ఎక్కువ బరువులు కట్టి త్వరగా ముంచే అలవాటు కొన్నిచోట్ల ఉంది. అప్పుడు దాన్ని సరిచేయడానికి, సిలిండర్‌ను వీపుకు పట్టి ఉంచే జాకెట్‌లో గాలి నింపాలి, ఆ గాలి లోతు మారినప్పుడల్లా మారుతుంది, మీరు పైకీ కిందికీ ఊగుతూ ఉంటారు. నాకు సరిగ్గా ఎంత బరువు కావాలో పరీక్షించి చెప్పండి అని అడగండి. అది కుదిరాక లోతుగా పీల్చితే కాస్త పైకి, నిండుగా వదిలితే కాస్త కిందికి వెళ్లడం తెలుస్తుంది. ఆ క్షణం కోసమే స్కూబా నేర్చుకోవాలనిపిస్తుంది.

స్కిల్ ఒక్కసారి ఎలాగో చేసేసి బొటనవేలితో, చూపుడువేలితో సున్నా చుట్టి 'ఓకే' చూపించేయకండి. మళ్లీ చేస్తానని అడగండి. నోట్లో రెగ్యులేటర్ పోతే వెతికి పెట్టుకోవడం, పక్కవాడి అదనపు రెగ్యులేటర్‌తో గాలి తీసుకోవడం ఆలోచించకుండా చేయగలిగే స్థాయికి రావాలి.

10. సముద్రంలో మొదటి రోజు

దిగే ముందు తోటి డైవర్‌తో ఒకరి పరికరాలు ఒకరు తనిఖీ చేసుకోవాలి. జాకెట్‌లో గాలి నిండుతుందా, ఖాళీ అవుతుందా, బరువులు గట్టిగా ఉన్నాయా, బకిల్స్ ఎలా విప్పాలి, సిలిండర్ వాల్వ్ పూర్తిగా తెరిచి ఉందా. గేజ్ చూస్తూ రెగ్యులేటర్‌తో నాలుగైదు సార్లు గాలి పీల్చండి. ముల్లు ఊగిందంటే వాల్వ్ సరిగా తెరవలేదన్నమాట. నిండు సిలిండర్ దాదాపు 200 బార్ (గాలి పీడనాన్ని కొలిచే ప్రమాణం) చూపిస్తుంది. 50 బార్ మిగిలి ఉండగానే పైన ఉండేలా చూసుకోవడం మామూలు పద్ధతి.

పైకి లేపిన బొటనవేలికి నీటి కింద 'బాగుంది' అన్న అర్థం లేదు, 'పైకి వెళ్దాం' అని అర్థం. కొత్తవాళ్లు అలవాటుకొద్దీ అదే చూపిస్తారు. ఇన్‌స్ట్రక్టర్ నిజంగానే పైకి తీసుకెళ్లిపోతారు.

నీటిలోకి దూకేదాకా, దూకాక కూడా, ఏ కారణం చెప్పకుండా డైవ్ ఆపేసే హక్కు ఎవరికైనా ఉంది. డైవర్లందరూ ఒప్పుకున్న నియమం ఇది. ఒంట్లో బాగాలేకపోయినా, అలలు చూసి మనసు ఒప్పుకోకపోయినా దిగనని చెప్పండి. దాన్ని గౌరవించని సెంటర్‌లో డబ్బు వదులుకునైనా కోర్సు ఆపేయండి.

ఒంట్లో మిగిలిన నైట్రోజన్ బయటికి పోవడానికి చివరి డైవ్‌కీ తిరుగు విమానానికీ మధ్య సమయం ఉంచాలి. డైవర్ల భద్రత కోసం పనిచేసే డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ అనే సంస్థ సూచన ప్రకారం ఒకే ఒక్క మామూలు డైవ్ తర్వాత కనీసం 12 గంటలు, వరుస డైవ్‌లు చేస్తే కనీసం 18 గంటలు. ఒక పూర్తి రోజు ఉంచుకుంటే నిశ్చింత. టికెట్ బుక్ చేసేటప్పుడే ఇది చూసుకోండి.

11. ఏం కొనాలి, ఏం వద్దు

మొదట మాస్క్ ఒక్కటి కొనండి. పట్టీ తగిలించుకోకుండా ముఖానికి ఆనించి ముక్కుతో మెల్లగా పీల్చండి. చేయి వదిలేసినా అంటుకుని ఉంటే అది మీకు సరిపోయినట్టే. మీసాలుంటే అంచు దగ్గర కాస్త నీరు కారవచ్చు. కళ్లద్దాలు వాడేవాళ్లకు పవర్ అద్దాల మాస్క్‌లు దొరుకుతాయి, మెత్తని కాంటాక్ట్ లెన్స్‌లతోనూ దిగవచ్చు. మిగతావన్నీ అద్దెకు తీసుకోండి. నీరు మన ఒంటి వేడిని గాలి కన్నా దాదాపు 25 రెట్లు వేగంగా లాగేస్తుంది కాబట్టి, అద్దె వెట్‌సూట్ ఒంటికి అతుక్కునేదిగా ఉండేలా అడిగి మార్పించుకోండి. కోర్సు తర్వాత కూడా డైవ్ చేస్తారని ఖాయమయ్యాక రెండో వస్తువుగా డైవ్ కంప్యూటర్ (లోతు, సమయం లెక్కగట్టి చూపే చిన్న పరికరం) కొనండి.

12. కార్డు వచ్చాక

ప్రయాణ బీమా ఉన్నా అందులో స్కూబా కలిసిందో లేదో, ఎంత లోతు వరకు వర్తిస్తుందో చదివి చూడండి. చాలా పాలసీల్లో ఉండదు. డైవింగ్‌కే ప్రత్యేకించిన బీమాలున్నాయి, రీకంప్రెషన్ చికిత్స ఖర్చు చాలా ఎక్కువ కాబట్టి తీసుకోవడం అవసరం.

మొదటి కొన్ని డైవ్‌లు కోర్సు చేసినంత లోతులో, అలాంటి నీళ్లలోనే, మీకన్నా అనుభవమున్నవాళ్లతో చేయండి. వెచ్చని తేటనీళ్లలో నేర్చుకుని చల్లని నీళ్లకో, బలమైన ప్రవాహాలున్న చోటికో వెళ్తే అక్కడి గైడ్‌కి మీరు కొత్తవారని ముందే చెప్పండి. ప్రతి డైవ్ తర్వాత లాగ్‌బుక్‌లో లోతు, సమయం, వాడిన బరువు, వెట్‌సూట్ మందం, మిగిలిన గాలి రాసుకోండి. తర్వాతి చోట ఎంత బరువు కట్టుకోవాలో వెతుక్కునే పని తప్పుతుంది. ఆరు నెలలో ఏడాదో విరామం వస్తే, సముద్రానికి వెళ్లే ముందు పూల్‌లో ఒక రిఫ్రెషర్ క్లాసు తీసుకోండి. వెంటనే అడ్వాన్స్‌డ్ కోర్సులో చేరమని కొందరు చెబుతారు. బోయన్సీ ఇంకా కుదరలేదనిపిస్తే ఆ డబ్బుతో మామూలు డైవ్‌లు చేసి, ఆ తర్వాత చేరండి.